సెలవునాటి కూలి

ధ్యానాంశం: మత్తయి 20:1-16



ద్రాక్షతోట పనివారి ఉపమానం మూడేళ్లకొకసారి, సామాన్యకాలపు 25వ ఆదివారం నాడు మన దేవాలయాలలో వినిపిస్తుంది. తెల్లవారుతూనే పనికి వచ్చినవారికీ, పొద్దు వాలాక వచ్చి ఒక్క గంట పనిచేసినవారికీ యజమానుడు ఒకే దెనారము ఇచ్చాడు. పగలంతా ఎండకు మాడినవారు సణిగారు. యజమానుడు వారి సణుగుడును ఒప్పుకోలేదు.

ఈ సువిశేషం విని పూజ నుండి ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరి మనసుల్లో రెండు రకాల ఆలోచనలు కలగవచ్చు. నలుగురిని పనిలో పెట్టుకున్న ఆసామి "నా సొమ్ము నా ఇష్టం అని ప్రభువే చెప్పాడు కదా" అని ధీమా పడవచ్చు. సెలవు రోజున పనిచేసి, దానికి తగిన కూలి చేతికి రాని కార్మికుడు "అడిగితే నేనూ సణిగినవాళ్లలో చేరతానేమో" అని నోరు మూసుకోవచ్చు. ఈ రెండు ఆలోచనలూ సరైనవి కావు. ఎందుకు కావో ఈ వారం ధ్యానించుకుందాం.

మన ఇళ్లలో జరుగుతున్నది

అహోబిలం, ఆళ్లగడ్డ, బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల ప్రాంతాలలో మన జనం వానను నమ్ముకున్న సేద్యంతోపాటు అనేక పనులు చేసుకుని బతుకుతున్నారు. సిమెంటు ఫ్యాక్టరీలలో షిఫ్టులు, నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లు, బస్సు డ్యూటీలు, పెట్రోలు బంకులు, ఆసుపత్రులు, సెక్యూరిటీ ఉద్యోగాలు, హోటళ్లు. సంక్రాంతి తరువాత అహోబిలం స్వామి పార్వేట ఉత్సవాలు, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు వస్తాయి. అప్పుడు బస్సు నడిపేవారు, వీధులు ఊడ్చేవారు, హోటళ్లలో వడ్డించేవారు ఊపిరి సలపకుండా పనిచేయవలసి వస్తుంది. అది ఎవరి తప్పూ కాదు. వేలాదిమంది యాత్రికులు వచ్చినప్పుడు ఎవరో ఒకరు తమ విశ్రాంతిని వదులుకోక తప్పదు.

చిక్కంతా ఆ తరువాతే వస్తుంది. వారాంతపు సెలవునాడు పొద్దున్నే కబురు వస్తుంది. "ఫలానావాడు రాలేదు, నువ్వు రావాలి" అంటారు. ఆ రోజే బిడ్డకు మొదటి దివ్యసత్ప్రసాదం కావచ్చు. లేదా మంచం పట్టిన తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లవలసిన రోజు కావచ్చు. అయినా మనిషి వెళతాడు. నెలాఖరున మస్టరు చూస్తే అన్ని రోజుల్లాగే ఒక్క హాజరు ఉంటుంది. అడిగితే మూడు జవాబులలో ఒకటి వస్తుంది. "బదులు సెలవు తీసుకో" అంటారు, ఆ సెలవు మాత్రం ఎన్నటికీ రాదు. "నీది నెలజీతం, ఆదివారం కూడా అందులోనే ఉంది" అంటారు. లేదా "మనమంతా ఒక కుటుంబం, ఇంత చిన్న విషయానికి లెక్కలా?" అంటారు.

మాట మాట పెరుగుతుంది. ఒకరిని పనిదొంగ అంటారు, మరొకరిని రక్తం తాగేవాడు అంటారు. ఒకే దేవాలయంలో పక్కపక్కన మోకరిల్లేవారు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పైకి చూస్తే ఇది కొన్ని వందల రూపాయల తగాదా. లోపల చూస్తే, ఒక మనిషి తన కుటుంబం దగ్గర నుండి తీసి ఇచ్చిన ఒక రోజును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదన్న బాధ.

బైబులులో మొదటి సెలవు తగాదా

ఈ తగాదా కొత్తది కాదు. నిర్గమకాండము 5వ అధ్యాయం చదవండి. మోషే, అహరోనులు ఫరో దగ్గరకు వెళ్లి మొదట అడిగినది ఏమిటి? ప్రజలు ఎడారికి వెళ్లి ప్రభువుకు పండుగ చేసుకోవడానికి కొన్ని రోజుల విడుపు. ఫరో ఏమన్నాడు? వీళ్లు సోమరులు, అందుకే పండుగ అంటున్నారు అన్నాడు. ఇటుకల లెక్క తగ్గించకుండానే గడ్డి ఇవ్వడం మానేశాడు. గడ్డి వాళ్లే ఏరుకోవాలి, ఇటుకలు మాత్రం మునుపటి లెక్కకు తగ్గకూడదు. లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తిన్నది ఎవరు? యిస్రాయేలీయులలో నుండే నియమించబడిన మేస్త్రీలు. పైవాడి ఆజ్ఞకూ కిందివారి అలసటకూ మధ్య నలిగిపోయే సూపర్‌వైజర్ల బాధ కూడా ఆ అధ్యాయంలో ఉంది.

ఆ ప్రజలను దేవుడు విడిపించి ఎడారికి తీసుకువచ్చాక ఏమి చేశాడు? మన్నా కురిపించాడు. రోజుకు ఎంత కావాలో అంతే. ఆరవ రోజున మాత్రం రెండింతలు దొరికేది. ఏడవ రోజున ఎవరూ పనికి పోకూడదు, అయినా ఎవరూ పస్తు ఉండకూడదు (నిర్గమ 16:22-30). జాగ్రత్తగా గమనించండి. ఫరో విడుపు అడిగితే పని పెంచాడు. దేవుడు విడుపు ఇస్తూ తిండిని రెండింతలు చేశాడు. జీతంతో కూడిన వారపు సెలవు అనే మాటకు మూలం ఇక్కడే ఉంది.

"నెలజీతంలో ఆదివారం కూడా ఉంది" అనేవారికి మన్నా మంచి జవాబు. జీతంలో ఉన్నది ఆదివారపు విశ్రాంతే గాని, ఆదివారపు పని కాదు. ఆరవనాటి రెండవ పాలు ఏడవనాడు ఇంట్లో కూర్చుని తినడానికి ఇచ్చినది. దానిని చూపించి ఏడవనాడు కూడా పని చేయించుకుంటే, ఒకసారి ఇచ్చిన దానినే రెండుసార్లు ఇచ్చినట్లు లెక్క రాయడమే అవుతుంది.

ద్వితీయోపదేశకాండములో విశ్రాంతి దినపు ఆజ్ఞ మళ్లీ వస్తుంది (5:12-15). అక్కడ దేవుడు చెప్పే కారణం మన హృదయాన్ని తాకాలి. నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావని మరువవద్దు, కనుక నీ దాసుడు, నీ దాసి నీవలెనే విశ్రమించాలి అని ఆయన ఆజ్ఞ. యజమానుడి విశ్రాంతికీ పనిమనిషి విశ్రాంతికీ దేవుని ఎదుట ఒకే విలువ.

ఆదివారపు సెలవు మనకు ఎలా వచ్చింది?

మన దేశంలో ఆదివారం సెలవు ఇంగ్లీషువారు దయతలచి ఇచ్చినదని చాలామంది అనుకుంటారు. బొంబాయి నూలు మిల్లులలో పనివారికి వారపు సెలవు కోసం ఏళ్ల తరబడి పోరాడినవారు నారాయణ మేఘాజీ లోఖండే. ఆయన జ్యోతిరావు ఫూలే అనుచరుడు. 1884లో మిల్లు కార్మికుల సంఘం స్థాపించారు. మిల్లు యజమానులు 1890 జూన్ 10న ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆదివారం ఖండోబా దేవుని రోజు కూడా అని ఆయన వాదించారు. మనం ప్రభుదినం అని పిలిచే రోజును ఈ దేశపు కార్మికులందరికీ సెలవుగా సంపాదించడానికి పాటుపడినది ఒక హిందూ సహోదరుడని గుర్తుంచుకోవాలి. విశ్రాంతి ఒక మతానికి చెందినది కాదు, మనిషికి చెందినది. కనుక అహోబిలం ఉత్సవాలలో డ్యూటీ చేసిన హిందువుకైనా, క్రిస్మస్ రాత్రి డ్యూటీ చేసిన కథోలికునికైనా న్యాయం ఒక్కటే.

మరుసటి ఏడు, 1891 మే 15న, 13వ లియో పోపు గారు "రేరుమ్ నొవారుమ్" అనే విశ్వలేఖను వెలువరించారు. కార్మికునికి న్యాయమైన వేతనం, ఆదివారపు విశ్రాంతి అతని హక్కులని అందులో బోధించారు. ఆకలికి తట్టుకోలేక తక్కువ కూలికి తల ఊపినంత మాత్రాన అది న్యాయమైన ఒప్పందం కాదని కూడా స్పష్టం చేశారు. రెండవ జాన్‌పాల్ పోపు గారు 1981లో పనిని గురించిన విశ్వలేఖలోనూ, 1998లో ప్రభుదినాన్ని గురించిన లేఖలోనూ ఇదే బోధను విస్తరించారు. 2025 మే 8న ఎన్నికైన 14వ లియో పోపు గారు ఆ పేరు ఎన్నుకోవడానికి ముఖ్య కారణం 13వ లియో గారి ఈ విశ్వలేఖేనని రెండు రోజుల తరువాత కార్డినల్స్‌కు చెప్పారు. అంటే ఇది శ్రీసభకు పాతబడిపోయిన విషయం కాదు.

చట్టం చెప్పేది

దేశపు చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, ఒక రోజు సెలవు, దాటిన పనికి రెట్టింపు వేతనం అని నిర్ణయించింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సెలవునాడు చేసిన పనికి రెట్టింపు అని ప్రత్యేకంగానే రాసింది. ఈ చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. చట్టాల పేర్లు మారాయి గాని, ఏడు రోజులలో ఒక రోజు విశ్రాంతి, ఓవర్‌టైంకు రెట్టింపు అనే సూత్రాలు మారలేదు. విశ్రాంతి దినాన చేసిన పనికి ఓవర్‌టైం రేటుకు తగ్గకూడదని వేతనాల స్మృతిలో ఉంది. కోల్పోయిన వారపు సెలవులకు బదులు సెలవులను ఆ నెలలోగాని, తరువాతి రెండు నెలలలోగాని ఇవ్వాలన్న నియమం కూడా కొనసాగుతోంది.

చిన్న లెక్క చూడండి. రోజు కూలి 600 రూపాయలు అనుకుందాం. ఆరు రోజులు నిండా పనిచేసి, ఏడవ రోజు కూడా ఎనిమిది గంటలు చేసినవానికి ఆ రోజుకు 1,200 రావాలి. 600 మాత్రమే ఇస్తే మిగిలిన 600 ఎవరి జేబులో ఉన్నట్లు? నెలకు రెండు సెలవులు ఇలా పోతే ఏడాదికి 14,400 రూపాయలు. పేద ఇంట్లో అది ఒక బిడ్డ చదువు.

న్యాయానికి రెండో వైపు కూడా చెప్పుకోవాలి. యజమాని ముందుగానే తెలియజేసి, ఆ వారంలోనే మరో రోజు సెలవు ఇచ్చి, మొత్తం పని 48 గంటలు దాటకపోతే అది సెలవు మార్పిడి. సెలవు తీసుకుని, రెట్టింపు కూడా కావాలని అడగడం సాధారణంగా చెల్లదు. న్యాయమంటే ఎవరికి చెందవలసినది వారికి చెందాలనే స్థిరమైన సంకల్పమని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. అది యజమానికీ వర్తిస్తుంది, పనివానికీ వర్తిస్తుంది.

ఉపమానం నిజంగా చెప్పేది

ఇప్పుడు ద్రాక్షతోటకు తిరిగి వెళదాం. "నా సొమ్ము నా ఇష్టం" అనుకునే ఆసామి ఆ యజమానుడు చేసిన మూడు పనులను గమనించాలి.

మొదటిది, పని మొదలుకాకముందే కూలి ఎంతో మాట్లాడుకున్నాడు. తరువాత వచ్చినవారికి న్యాయమైనది ఇస్తానని మాట ఇచ్చాడు. పని చేయించుకున్నాక బేరం మొదలుపెట్టలేదు.

రెండవది, సాయంకాలం కాగానే తన గృహనిర్వాహకుణ్ణి పిలిచి కూలి ఇప్పించాడు. పొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలి, పేదవాడు దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అనే ధర్మశాస్త్రాన్ని (ద్వితీ 24:14-15) పాటించాడు. వచ్చే నెల చూద్దాం అనలేదు. తాను ఇవ్వమన్నది మధ్యలో మేస్త్రీ చేతిలోనో కాంట్రాక్టరు చేతిలోనో ఆగిపోకుండా కళ్లెదుటే పంపిణీ జరిపించాడు.

మూడవది, ఎవరికీ మాట్లాడుకున్న దానికంటే ఒక్క కాసు తగ్గించలేదు. అతని ఇష్టం ఎక్కువ ఇవ్వడంలో కనిపించింది, తక్కువ ఇవ్వడంలో కాదు. దాతృత్వం న్యాయమనే నేల మీద కట్టిన మిద్దె. కింద గోడలు లేకుండా మిద్దె నిలవదు. పండుగకు పనివాడి ఇంటికి మిఠాయి పొట్లం, బిడ్డకు గౌను పంపించి, అతని ఓవర్‌టైం ఎగ్గొట్టే ఆసామి ఈ ఉపమానంలోని యజమానునికి పోలిక కాదు. అలాంటివారి గురించి పునీత యాకోబు గారు రాశారు. కోత కోసినవారికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందట, ఆ మొర సైన్యములకధిపతియైన ప్రభువు చెవులకు చేరిందట (యాకోబు 5:4). కూలివానికి చేసే అన్యాయాన్ని శ్రీసభ సత్యోపదేశం పరలోకానికి మొరపెట్టే పాపాలలో ఒకటిగా లెక్కించింది.

మరి పొద్దుటి నుండి పనిచేసినవారి సణుగుడు మాటేమిటి? వారికి రావలసినది వారికి పూర్తిగా వచ్చింది. పక్కవాడికి కూడా కడుపునిండా దొరికిందన్నదే వారి బాధ. అది అసూయ. తనకు రావలసిన కూలి రానివాడు అడగడం అసూయ కాదు, సణుగుడూ కాదు. ఈ తేడా తెలుసుకుంటే మన కార్మిక సహోదరుల మనసు మీది బరువు దిగిపోతుంది.

ముగ్గురికి మూడు మాటలు

పనిలో పెట్టుకున్నవారికి ఒక మాట. మీ షెడ్డులో, మీ దుకాణంలో, మీ ఇంట్లో పనిచేసేవారి సెలవు వారి సొత్తు. అవసరం వచ్చి తీసుకుంటే అప్పు తీసుకున్నట్లే. బదులు సెలవుగా తిరిగి ఇవ్వండి, లేదా రెట్టింపు కూలిగా తీర్చండి. అంతకంటే ముందు, ఆ రోజు పిలవడం నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచించండి. అనవసరంగా ఇతరుల ప్రభుదినానికి అడ్డు తగలవద్దని సత్యోపదేశం మనల్ని హెచ్చరిస్తోంది. ఆర్డరు త్వరగా పంపితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయన్నది అవసరమా, ఆశా? దానికి జవాబు మీ అంతరాత్మకే తెలుసు.

పనిచేసేవారికి ఒక మాట. రెట్టింపు వస్తుంది కదా అని ప్రతి సెలవునూ అమ్ముకోకండి. అప్పులున్నాయి, బిడ్డల పెళ్లిళ్లు ఉన్నాయి, నిజమే. అయితే ఏడవ రోజు కూడా మన్నా ఏరుకోవడానికి వెళ్లినవారికి ఏమీ దొరకలేదని గ్రంథం చెబుతోంది. ఏడాదంతా ఆదివారాలు అమ్ముకున్న తండ్రికి డబ్బు దొరకవచ్చు. బిడ్డ మాటలు నేర్చిన కాలం మళ్లీ దొరకదు. పూజకు వెళ్లలేని డ్యూటీ పడితే, ఆ వారంలో మరో రోజైనా కొంత సమయం దేవునికీ ఇంటివారికీ ఇవ్వండి.

మూడవ మాట మన సంస్థలకు. మన బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు, గురువుల నివాసాలు, వీటన్నింటిలోనూ వంటమనిషి, డ్రైవరు, వాచ్‌మన్, ఆయా, టీచరు ఉన్నారు. తిరునాళ్లకు, వార్షికోత్సవానికి, సమావేశాలకు ఆదివారం నాడు వారిని పిలుస్తాం. "దేవుని సేవ అనుకుని చేయండి" అని ఊరుకుంటే సరిపోదు. స్వచ్ఛందంగా చేసే సేవ వేరు, జీతగాడిని పిలిచి చేయించుకునే పని వేరు. న్యాయం గురించి లోకానికి బోధించేవారు మొదట ఆ లోకం కళ్లకు న్యాయవంతులుగా కనబడాలని 1971లో రోములో జరిగిన పీఠాధిపతుల సభ చెప్పింది. శ్రీసభ ఆస్తులను నిర్వహించేవారు దేశపు కార్మిక చట్టాలను పాటించి న్యాయమైన వేతనం ఇవ్వాలని 1983 నాటి శ్రీసభ చట్టం (1286) ఆదేశిస్తోంది. కనుక ఈ లెక్క మన ఇంటి నుండే మొదలుకావాలి.

తగాదా వచ్చినప్పుడు

ప్రభువే మనకు ఒక దారి చూపించాడు (మత్తయి 18:15-17). మొదట ఒంటరిగా కలిసి మాట్లాడాలి. పదిమందిలో కాదు, కోపంలో కాదు. చేతిలో ఒక చిన్న పుస్తకం ఉండాలి. ఏ తేదీన పిలిచారు, ఎవరు పిలిచారు, ఎన్నింటికి వెళ్లాను, ఎన్నింటికి వచ్చాను, బదులు సెలవు అన్నారా, కూలి అన్నారా అని ఆ రోజే రాసుకోవాలి. జ్ఞాపకం మీద ఆధారపడిన లెక్క తగాదాకు దారి తీస్తుంది. రాసుకున్న లెక్క తగాదాను తీరుస్తుంది. వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో, సంఘం పెద్దలతో వెళ్లి మాట్లాడాలి. అప్పటికీ వినకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గర అర్జీ పెట్టుకోవాలి. కొత్త వేతనాల స్మృతి ప్రకారం మూడేళ్లలోగా దావా వేసుకోవచ్చు. అర్జీ పెట్టడం పాపమేమీ కాదు. పునీత పౌలు గారు కూడా తనకు అన్యాయం జరగబోతున్నప్పుడు చక్రవర్తి న్యాయస్థానాన్ని ఆశ్రయించారు (అపొ. కా. 25:11). అయితే అర్జీలో ఒక్క గంట కూడా ఎక్కువ రాయకూడదు. మనకు రావలసినది అడిగే నోటితో అబద్ధం ఆడకూడదు.

యజమానులారా, మీ పనివాడు లెక్కల పుస్తకం తెచ్చినప్పుడు దానిని ఎదురుతిరగడంగా భావించకండి. అన్నదమ్ములైనా లెక్క లెక్కే అని మన పెద్దలు ఊరికే అనలేదు. లెక్క తేలితేనే అన్నదమ్ములుగా ఉండగలరు. మనమంతా ఒక కుటుంబం అనే మాట నిజం కావాలంటే, కుటుంబంలో ఒకరి అలసట మరొకరికి తెలియాలి.

మే 1న మనం కార్మికుడైన పునీత జోజప్ప గారి పండుగ చేసుకుంటాం. 12వ భక్తినాథ పోపు గారు 1955లో ఆ పండుగను స్థాపించారు. నజరేతులో ఆ వడ్రంగి ఆరు రోజులు చేతులకు కాయలు కాసేలా పనిచేసి, ఏడవ రోజు బాలయేసు చేయి పట్టుకుని ప్రార్థనా మందిరానికి వెళ్లి ఉంటాడు. దేవుని కుమారుడు కూడా తన తండ్రితో గడిపే ఒక సెలవు రోజు కోసం ఎదురుచూసిన బిడ్డే. మన పనివారి ఇళ్లలో అలా ఎదురుచూసే బిడ్డలు ఉన్నారు. వారి రోజును వారికి మిగల్చండి. మిగల్చలేకపోతే, దాని వెల నిండుగా చెల్లించండి.

పునీత జోజప్పగారా, పనివారి కోసమూ, పని చేయించేవారి కోసమూ ప్రార్థించండి. ఆమెన్.